ఒక్క పెంటిక కోసం

బాత్రూమ్ తలుపు మీద మళ్ళీ సుత్తి పడింది. టబ్బులో టర్నిప్ అనే తన కుందేలును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ, పగిలిన పెదవి తుడుచుకోకుండానే, సిరంజితో గడ్డిజావ దాని నోట్లోకి వదులుతోంది.

"తలుపు తియ్యవే! లేకపోతే నీ మెడా దాని మెడా కలిపి విరిచేస్తా!"

"అరవకు. నువ్వు అరిచినప్పుడల్లా దీని పొట్ట బిగుసుకుపోతోంది."

"నా తిండి గురించి ఎప్పుడన్నా ఇంత పట్టించుకున్నావా?"

"నువ్వు పంజరం గోడకేసి కొట్టిన రోజు నుంచీ టర్నిప్ గడ్డి ముట్టలేదు. భయానికే పేగు కదలడం ఆగిపోయిందంది డాక్టరు."

"మా తాతైతే తోలు ఒలిచి కూరొండేసేవాడు!"

"పెళ్ళైన కొత్తలోనే చెప్పావు. అప్పుడు నవ్వాను కూడా."

ఈసారి చెక్క చీలింది. చీలికలోంచి ఎర్రటి కన్ను ఒకటి లోపలికి చూసింది.

"పోతా పోతా అంటావు, ఇక్కడే పడుంటావు. నేను లేకుండా బతకలేవని నీకూ తెలుసే!"

"పెంటిక వేసేదాకా దీన్ని ఈ మంచులో బయటికి తియ్యొద్దంది డాక్టరు. అందుకే ఉన్నాను."

"దేనికోసం?"

ఆవిడ అరచేతిలో శనగగింజంత పెంటిక ఒకటి వెచ్చగా రాలింది. కుందేలును బుట్టలో పెట్టి, కిటికీ అద్దం పైకి తోసింది. పొద్దుటి నుంచీ మంచులో కాపు కాస్తున్న ఆవిడ అక్క, ట్రక్కు దిగి చేతులు చాచింది.

"ఏం చేస్తున్నావే లోపల? మాట్లాడవేం?"

"టర్నిప్ పెంటిక వేసింది," అంది ఆవిడ, ఒక కాలు కిటికీ అవతల వేసి. "టబ్బు అంచు మీద పెట్టాను. చూసుకో."