చప్పుడు ఆగిన చక్రం

హలో… ఆ, నేనే. ఇంట్లో ఇంకెవరున్నారు ఎత్తడానికి? ముందు ఇది చెప్పండి, నా ఇడ్లీ గుడ్డ ఏదీ?

మీ సంచిలోనా… ఎందుకు?

హబ్ తుడవడానికి. బాగుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా కళ్ళజోడు ఒక్కసారి తుడిచిపెట్టిన పాపాన పోలేదు గానీ, సైకిలు చక్రం నడుమనుండే ఆ డబ్బాకి మాత్రం మెత్తటి మల్లుగుడ్డ కావాలి. సోమయాజులు గారూ, అది హబ్. కొత్త అల్లుడు కాదు—

ఏంటి? … నవ్వే టైం కాదా. ఏమైంది?

అలేఖ్య పడిందా?

పడబోయిందా… ఎక్కడ? … ఆర్ట్స్ కాలేజీ ముందు, వార్మప్‌లో. లేచి నిలబడి గట్టిగా తొక్కితే… పెడలు ఉత్తినే తిరిగిపోయిందా? చక్రాన్ని పట్టుకోకుండా?

దెబ్బ సంగతి అడుగుతున్నాను. … మోకాలు గీరుకుపోయింది, అంతే కదా. మీరు చూశారా, అది చెప్పిందా? … సరే.

సైకిల్ జట్టు ట్రయల్స్ మొదలైపోయాయా… రెండు నిమిషాలకొకర్ని వదులుతున్నారు. మనమ్మాయిది పంతొమ్మిదో నంబరు. ఇప్పుడు? … ఏడు వెళ్ళింది.

ఎవరు, ఇన్నయ్యా? ఇన్నయ్య ఏం చేశాడు?

ఆదివారం హబ్ విప్పి సర్వీసు చేసింది అతనే కాబట్టి… ఏమండీ, ఇరవై ఏళ్ళుగా తార్నాకలో సైకిళ్ళు బాగుచేస్తున్న మనిషి. కొత్త హబ్ మూడు వందల కిలోమీటర్లు తిరిగితే గానీ బిగువు వదలదు, అప్పుడు విప్పి శుభ్రం చేసి మళ్ళీ సరిగ్గా బిగించాలి, నీళ్ళ పైపు మాత్రం దాని దరిదాపులకు రానివ్వద్దు అని మీకు చెప్పిందే అతను. మీరేమో ఆ మూడు వందలూ క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటూ—

అలా అన్నారా… 'చేతగాని పని' అని? కోచ్ ముందా?

అతనేమన్నాడు?

చేతులు తుడుచుకుని పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. … అది మరీ ఘోరం.

…

ఆఁ, ఉన్నాను. లైనులోనే ఉన్నాను.

ఏమండీ… ఒకసారి ఆ హబ్ విప్పి చూడకూడదూ?

ఊరికే. … ఊరికే అంటే ఊరికే. నాకేం తెలుసు, పోపుల డబ్బా తప్ప.

పాత చక్రమా? అది మౌలాలిలో మీ తమ్ముడికి ఇచ్చేశారుగా. ఎప్పటికొస్తుంది అది?

మానుకోమంటారా… దాన్ని? ఈ ఏడాదితో ఎమ్మెస్సీ అయిపోతుంది. యూనివర్సిటీ జట్టులో చోటుకి ఇదే ఆఖరు. … ఏడుస్తోందా? … ఏడవడం లేదు. హెల్మెట్ తీయకుండా మెట్ల మీద కూర్చుంది. ఏడిస్తేనే నయం.

ఎన్నో నంబరు? … పదకొండు.

విప్పించండి ఇన్నయ్యతో. … ముట్టనివ్వరా? అయితే మీరే విప్పండి. స్పానర్ కూడా అక్కర్లేదు. చక్రం ఊడదీసి, గొలుసు పడే పళ్ళ గుత్తి పట్టుకుని చేత్తో బయటికి లాగితే అదే వస్తుంది. కాస్త మొరాయిస్తుంది, అంతే.

…

నాకెలా తెలుసంటే… హాల్లో పేపరు పరుచుకుని మీరు పదిసార్లు విప్పారు. చూశాను.

చూశాను, అంతే—

ఏమండీ. గురువారం గుర్తుందా? మీరు హబ్సిగూడ వెళ్ళొచ్చి, బాల్కనీలో చక్రం తిప్పి, 'విన్నావా శ్యామలా, చప్పుడు పోయింది, హబ్ మెత్తబడింది' అన్నారు. కింద వాచ్‌మన్ పేరయ్యకి కూడా చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఎందుకంటే… అది మెత్తబడలేదు కాబట్టి.

గ్రీజు. … గ్రైండర్‌కి పూసేది. అటక మీద డబ్బా ఉంటుందే, ఆ చిక్కటిది.

మరేం చెయ్యను? మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడితే చాలు, మీరు చక్రం తిప్పడం, అది టకటకమనడం. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలిసి చావదు. లోపలి పళ్ళకి కాస్త గ్రీజు పెడితే నోరు మూసుకుంటుంది కదా అని…

కాస్తే. … రెండు స్పూన్లు.

పెద్ద స్పూనే.

తర్వాత తిట్టండి, రాసిపెట్టుకుని మరీ తిట్టండి. ఎన్నో నంబరు? … పదమూడు. ఫోను కట్ చెయ్యకుండా జేబులో వేసుకుని, విప్పండి.

…

వచ్చిందా? ఎలా ఉంది? … పేరిన నెయ్యిలా. లోపలి పళ్ళు ఆ ముద్దలో కూరుకుపోయాయా… అందుకే ఒకదాన్నొకటి పట్టుకోలేకపోయాయి. ఓరి దేవుడా.

ఇడ్లీ గుడ్డ ఉందిగా. దాంతోనే తుడవండి. … పర్వాలేదు, ఇవాళ ఉప్మా.

ఎవరొచ్చారు? … ఇన్నయ్యే వచ్చి వంగాడా. పిలవకుండానే. … మీరు జరగండి. జరగండి ముందు, అతన్ని చెయ్యనివ్వండి.

పలచటి గ్రీజు వేస్తున్నాడా… పళ్ళ మీద మెరిసీ మెరవనట్టు, అంతే కదా. రెండు స్పూన్లు కాదు. తెలిసింది.

పదహారా… బిగించాడా? చక్రం తిప్పి ఫోను దగ్గర పెట్టండి.

…

ఆ. అదే. అదే దిక్కుమాలిన చప్పుడు. … ఇంకోసారి తిప్పండి.

అలేఖ్యని గట్టిగా తొక్కి చూడమనండి. నిలబడి. … పట్టిందా? … మళ్ళీ? … జారలేదు. హమ్మయ్య.

ఏంటి, ఇంటికొచ్చాక మాట్లాడదామా? ఇన్నయ్య ఏమీ అనుకోడా? … అతను అనుకోడని మీరే అనేసుకుంటే ఎలా? మీరన్న మాటకి మీరు క్షమాపణ చెప్పుకోండి. నాది నేను చెప్పుకుంటాను. స్పీకర్ పెట్టండి.

కోచ్ దగ్గరికి నడవండి. ఆయన ముందే కదా అన్నారు.

పెట్టారా? … ఇన్నయ్యా, నేను, శ్యామలాంబని. … 'పోనియ్ అమ్మా' అనకు. పోనివ్వడానికి వీల్లేదు. నువ్వు చేసిన పని శుభ్రంగా ఉంది, దాన్ని పాడుచేసింది నేను. నిన్ను మాటలంటున్నారని తెలిసి కూడా నాలుగు నంబర్లు వెళ్ళేదాకా నోరు విప్పలేదు. తప్పు—

హలో? … మైకులో పంతొమ్మిది పిలుస్తున్నారా? … ఏమీ వినపడలేదా నేనన్నది? … సగమేనా.

సరే, ముందు పిల్లని వెళ్ళనివ్వండి.

…

వెళ్ళిందా? … చప్పుడు రావడం లేదేంటని కంగారు పడకండి. తొక్కుతున్నంతసేపూ రాదు, కాళ్ళు ఆపితేనే. ఆ మాత్రం నాకూ తెలుసు.

ఇన్నయ్యా, ఉన్నావా? … కోచ్ గారు కూడా ఉన్నారా? … అయితే మళ్ళీ చెప్తాను.

తప్పు నాది.