నలుగురు నోళ్లు తెరిచిన ఫొటో

"నేనేం పెద్ద పని చేయలేదన్నా. ఒక ఫొటో కింద ఒక వాక్యం రాశాను, అంతే" అని మొదలుపెట్టాడు ఏసుపాదం.

ఆదివారం ఆరాధన అయిపోయింది. చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో తెలుగువాళ్లు మధ్యాహ్నాలకి అడిగి తీసుకున్న అమెరికన్ చర్చి అది. బేస్‌మెంట్‌లో అందరికీ టీ అందింది. ఎదురుగా సుందర్ రాజ్ కూచున్నాడు. పక్క బల్ల తుడుస్తున్న వసంతకుమారి దగ్గరే, విన్నపాలు రాసి వేసే ప్రార్థన పెట్టె తాళంచెవి ఉంటుంది.

"మన ఊరి ఇంగ్లీషు వారపత్రికలో ఒక ఫొటో వేసి, దీనికింద నవ్వొచ్చే వాక్యం రాసి పంపండి అన్నారు. ఫొటోలో నలుగురు మగాళ్లు. చారల కోట్లు, గడ్డి టోపీలు, నోళ్లు బార్లా తెరిచి పాడుతున్నారు. బార్బర్‌షాప్ పాట అంటారన్నా దీన్ని. వాయిద్యాలుండవు, నాలుగు గొంతులు కలిపి పాడటమే. వెనకటికి మంగలి షాపులో వంతు కోసం కూచున్నవాళ్లు పాడుకునేవాళ్లంట. జనం పాట. ఇప్పుడు దాన్ని కూడా మేనేజర్లు లాక్కున్నారు. ఆ నలుగురూ మా కంపెనీ మేనేజర్లే. అందులో మూడోవాడు ఎవరనుకున్నావు? మా హాన్సెన్."

"నీ గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సినాయనా?"

"ఆయనే. వచ్చే శుక్రవారం పెడతానన్నాడు. అది వేరే సంగతి. పోయిన శనివారం బల్ల ముందు కూచున్నాను. మొదట చిన్నగా 'పళ్ల డాక్టరు దగ్గర క్యూ' అని రాశాను. నవ్వుంది గానీ తిరుగుబాటు లేదు. తర్వాత 'చర్చి పాట్‌లక్ భోజనాల్లో వసంతక్క ఆవకాయ, మొదటి ముద్ద' అని రాశాను. ఏమనుకోకక్కా."

"అనుకోను. కానివ్వు" అంది వసంతకుమారి, చెయ్యి ఆపకుండా.

"అలా మూడొందలు రాశాను."

"ఇందాక కారు దిగుతూ నలభై అన్నావు."

"అవి ఇంగ్లీషులోవన్నా. మూడొందల ఒకటోది తగిలింది. 'నలుగురు మేనేజర్లు, నాలుగు గొంతులు, ఒకటే మాట: ఈ ఏడాది జీతాలు పెంచం.' కింద నా పేరు రాశాను. దాక్కుని కొట్టేవాణ్ని కాదు నేను. అదే బల్ల మీద సంతకం కోసం ప్రార్థన చేయమని ఇంకో కాగితం రాసి, రెండు కవర్లూ ఒకేసారి అంటించాను. ఒకటి పత్రికకి, ఒకటి మన ప్రార్థన పెట్టెకి. ఒక చేత పోరాటం, ఒక చేత ప్రార్థన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకుండా ఉంటావా?"

"మంగళవారం ఎడిటర్ ఫోన్ చేశాడు. పది నిమిషాలు మాటే లేదు, నవ్వు. వాళ్లావిడ ఫోన్ తీసుకుని, బాబూ, మా ఆయన్ని ఏం చేశావు, పొద్దుటినుంచి ఇంతే అంది. ఆవిడకీ చదివి వినిపించాను. ఆవిడా నవ్వులో పడిపోయింది. ఆఫీసులో టైపు చేసే అమ్మాయి దాన్ని చికాగో రైల్లో పట్టుకెళ్లింది. పక్కసీటు మనిషికి చూపించింది, అతను వెనకసీటుకి. రెండు స్టేషన్లు దాటేసరికి పెట్టె పెట్టంతా నవ్వు. చివరికి డ్రైవర్ చేతికి చేరింది. నవ్వుతో బ్రేకు మీద చెయ్యి నిలవలేదన్నా, చికాగో స్టేషన్ దాటేసి రైలు వెళ్లి సరస్సు ఒడ్డున ఆగింది."

"అక్కడిదాకా పట్టాలున్నాయా?"

"జనం తలుచుకుంటే పట్టాలొక లెక్కా? ఆ రోజే చికాగోలో పదకొండు కంపెనీలు భయపడి జీతాలు పెంచాయి."

"మాది పెంచలేదే."

"మీది పన్నెండోది. నిన్న వాషింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పెద్దల గ్రూపు ఫొటో ఒకటుందిట, దానికింద మాత్రం ఏమీ రాయొద్దని బతిమాలారు. నవ్వు సామాన్యుడి ఆయుధం అన్నా. వాళ్ల దగ్గర సంతకాలుంటే, మన దగ్గర వాక్యాలున్నాయి."

సుందర్ రాజ్ ముందుకి వంగాడు. "అది గురువారం పేపర్లో వస్తుంది కదా. శుక్రవారం హాన్సెన్ సంతకం పెడతాడా తమ్ముడూ?"

ఏసుపాదం కప్పు ఎత్తి, తాగకుండానే దించాడు. ఇందాకట్నుంచీ అది నిండుగానే ఉంది.

"పెట్టకపోతే పెట్టకపోనీ" అన్నాడు. గొంతు అంతకుముందంత గట్టిగా లేదు. "మూడేళ్లు ఎదురుచూశాను. పోతే ఇంకో..."

వసంతకుమారి గుడ్డ పక్కన పెట్టి, చేతిసంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల పత్రికలోంచి కత్తిరించిన ఫొటో. గడ్డి టోపీలు, తెరిచిన నోళ్లు. కింద ఏసుపాదం చేతిరాత.

"బుధవారం పెట్టె తెరిస్తే ఇదొచ్చింది. ఇదేం విన్నపమో మాకు అర్థం కాలేదు. నీకు జీతం పెంచట్లేదని బాధపడుతున్నావేమో అంది, నాతో కలిసి ప్రార్థన చేసే శాంతి. ఆ నలుగురి మనసూ కరిగించమని నేనూ శాంతీ గంటసేపు మోకాళ్ల మీద ఉన్నాం. వాళ్ల పేర్లు తెలియక టోపీల లెక్కన ప్రార్థించాం."

ఏసుపాదం ఆ కాగితం వైపే చూశాడు. "అయితే పత్రికకి పోయింది..."

"నీ ప్రార్థన విన్నపం. ఏ భాషలో రాశావు?"

"తెలుగులోనే అక్కా."

సుందర్ రాజ్ కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టాడు. "అంటే ఆ రైలు డ్రైవర్ నీ ప్రార్థన తెలుగులో చదువుకుని సరస్సు దాకా పోయాడన్నమాట. మంచి విశ్వాసి."

బల్ల చుట్టూ నవ్వులు. అందరికంటే ఆలస్యంగా మొదలై, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఏసుపాదమే. నవ్వి, కళ్లు తుడుచుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంకో కప్పు అడిగాడు.

వసంతకుమారి ఫొటోని మళ్లీ కవరులో పెట్టింది. "సంతకం అయ్యాక ఇస్తాను. అప్పుడు పంపుకో, నీ పోరాటం నీ ఇష్టం."

"తొందరేం లేదక్కా" అన్నాడు ఏసుపాదం. "మీ దగ్గరే ఉండనీ."