అమ్మ పాటకు సొంతవాక్యం

తల్లి బజారుకు వెళ్లింది. వంటింటి బల్ల దగ్గర బస్సు డ్రైవరు తండ్రి, ఏడో తరగతి కూతురిని మర్నాటి పరీక్షకు చదివిస్తున్నాడు.

“నిద్రాణం. దీనికి సొంతవాక్యం చెప్పు.”

“నాన్న రాత్రంతా బస్సు నడిపి పగలు నిద్రాణంగా ఉన్నాడు.”

“అది నిద్ర. నిద్రాణం వేరు.”

“మాటలోనే నిద్ర ఉందిగా?”

“ఉంటే మాత్రం? పడుకున్నవాళ్లకి వాడరు. లోపల ఉన్న శక్తికో, గుణానికో వాడతారు. ఉంటుంది గానీ పనిచేయదు. అదను దొరికితే మేలుకుంటుంది. విత్తనంలో మొలక లేదూ, అలా.”

“అయితే చెప్తా. తిట్టకూడదు మరి.”

“నేనెందుకు తిడతాను?”

“అమ్మలో పాట నిద్రాణంగా ఉంది.”

“ఏమిటీ?”

“తప్పా?”

“ఎవరు చెప్పారు నీకీ వాక్యం?”

“సొంతవాక్యమేగా అడిగావు.”

“సరే, సరే. తర్వాతి మాట చూడు.”

“తప్పో ఒప్పో చెప్పు నాన్నా. మార్కు పోతుంది.”

“ఒప్పే.”

“మొన్న మా సంగీతం టీచరు వచ్చింది కదా, పిల్లలకు పాట నేర్పడానికి అమ్మ వస్తుందేమో కనుక్కుందామని.”

“నువ్వు విన్నావా?”

“తలుపు వెనకే ఉన్నా. ‘ఆవిడ పాట మానేసి ఏళ్లయింది’ అని గుమ్మంలోంచే పంపేశావు. అమ్మకు చెప్పావా?”

“చెప్దామనే అనుకున్నాను.”

“అంటే చెప్పలేదు.”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? మానిపించింది నేనే. తెల్లవార్లూ బస్సు నడిపి వచ్చి నడుం వాలిస్తే ఈవిడ సాధన. కన్ను మూతపడేది కాదు. ఓ రోజు మీ మావయ్య ముందే అనేశాను, ఇది ఇల్లా, కాకుల గూడా అని. నవ్వుతూనే అన్నాను.”

“అమ్మ కూడా నవ్విందా?”

“నవ్వింది. మర్నాటి నుంచి ఇంట్లో చప్పుడు లేదు. నేను హాయిగా పడుకున్నాను. ఎందుకు మానేశావని మాటవరసకైనా అడగలేదు.”

“టీచరు ఇంకెవర్నో పెట్టుకుంటుందేమో.”

“పెట్టుకోనీయను. రేపు నేనే మీ బడికొచ్చి తప్పు చెప్పానని చెప్తా. ముందు మీ అమ్మ రానీ. ఇన్నేళ్లు పాట కట్టిపెట్టిన మనిషి, ఇప్పుడు రమ్మంటే వస్తుందంటావా?”

“నాన్నా...”

“గొంతే పోయిందో ఏమో. అలా చూస్తావేంటి? వాక్యం రాసుకో.”

“రాయను. అది తప్పు.”

“ఒప్పే అన్నాను కదా.”

“నువ్వేమంటావో చూద్దామని చెప్పాను.”

“తప్పెలా అవుతుంది?”

“నువ్వు డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ అమ్మ పాడుతుంది నాన్నా. నీ స్కూటరు మన సందులోకి తిరిగితే ఆపేస్తుంది.”