నూట నలభై ఫర్వాలేదులు

హలో… ఆ, నేనే అక్కా. డాక్టరమ్మని. కాబోయే… ఆ ఆ, నవ్వు.

తిన్నావా?… బ్రేకు ఇంకెంతసేపుంది?… పది నిమిషాలా? చాలు. ఒక్క మాట అడిగి పెట్టేస్తా.

రేపు కమిటీ ముందు నిలబడాలి… అదే, మీ లాండ్రీ సర్వే. ఆస్పత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళకి పనిలో తృప్తి ఉందా లేదా అని. రేపు సరేనన్నారా, నా పీహెచ్‌డీ గట్టెక్కినట్టే. కాదన్నారా, ఇంకో ఏడాది.

లెక్క తేలింది… తేలడమే నా ఏడుపు! ప్రతి ప్రశ్నకీ ఐదు గళ్ళిచ్చానా — చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. నలభై రెండు ప్రశ్నలు. నూట నలభై మంది. అందరూ, అన్నిటికీ… ఆ. ఫర్వాలేదే.

గ్రాఫు గీశాను. ఖాళీ స్థలంలో సెల్ టవర్‌లా మధ్యన ఒక్క గీత. దానికి మళ్ళీ రంగులు కూడా వేశాను, నా మొహానికి.

మా గైడా?… ఆయన ముందే మొత్తుకున్నాడు. 'అమ్మాయీ, ముందు పదిమందితో కూర్చుని మాట్లాడు, ప్రశ్నలు తర్వాత రాసుకోవచ్చు' అని. వింటేగా! కబుర్లు పరిశోధన ఎలా అవుతాయి సార్, అంకెలకే బరువు అన్నాను… ఆ, ఆయనతోనే. తాతకు దగ్గులు నేర్పాను.

సరే, అసలు సంగతి. నువ్వూ ఫర్వాలేదనే టిక్కు పెట్టావు కదా? ఏంటి దానర్థం? బానే ఉందనా, ఏదోలే సర్దుకుపోతున్నా అనా? మన మాటే అంత — ఎవరైనా కాలు తొక్కినా ఫర్వాలేదంటాం, ఇంకో ముద్ద పెట్టబోయినా ఫర్వాలేదంటాం. 'బానే ఉంది' అని నువ్వొక్క మాట అను, రేపు 'కార్మికులు తృప్తిగా ఉన్నారు' అని గుండె రాయి చేసుకుని చదివేస్తా.

…

అక్కా? ఏంటా నసుగుడు?

ఎవరికి చెప్పావు?… అందరికీనా!… ఏమని?… 'మా చెల్లి పరీక్ష, బాగోలేదంటే దానికి మార్కులు తగ్గుతాయి… మరీ బాగుందంటే ఎవరూ నమ్మరు… మధ్య గడిలో కొట్టండి'…

ఓరి దేవుడో!

లేదు, ఏడవట్లేదు. నవ్వే ఇది… మార్కులు నాకు కాదక్కా, మీ లాండ్రీకి!… చెప్పానుగా, మొదటి పేజీలో… చిన్న అక్షరాల్లో… అవునులే, నేనైనా చదవను.

నిన్నెందుకు తిడతాను? కాగితాల కట్ట నీ చేతిలో పెట్టి, అందరితో రాయించమని ఆటో ఎక్కింది నేను. గేటు దాటి లోపలికొచ్చిన పాపాన పోలేదు.

…ఏంటీ, మళ్ళీ రాయిస్తావా? ఏ గడిలో కావాలంటే ఆ గడిలోనా?… వద్దు తల్లోయ్!

గళ్ళ సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. ఎలా ఉంటుంది లోపల?… నాకేం రాసుకోవడానికి కాదు. ఊరికే.

ఊఁ… ఇస్త్రీ మిషన్ల గదిలో… ఊఁ… ఆవిరి కొట్టి… మోచేతి దాకానా? మరి వంట చేస్తుంటే కాలిందని చెప్పావే నాకు!… నాకు పరీక్షలనా. ఆ… నాకెప్పుడూ పరీక్షలే.

ఏంటక్కా ఆ ఆయాసం? నిలబడి మాట్లాడుతున్నావా? కాస్త కూర్చోరాదూ… లేదా? అంటే, ఖాళీ లేదా?… అసలు కుర్చీలే లేవా? మరి భోజనం?… నిలబడేనా! ఎన్నాళ్ళుగా?

…

తొమ్మిదేళ్ళు.

నలభై రెండు ప్రశ్నలేశానక్కా. కూర్చోడానికి ఏమైనా ఉందా అని… ఊహూఁ. ఒక్కటీ లేదు. తట్టలేదు. ఎలా తడుతుంది, అవన్నీ కుర్చీలో కూర్చుని రాశానుగా.

రేపా? చెప్పేస్తా. సర్వే పనికిరాదు, నేనడిగిన తీరే తప్పు, ఇంకో ఏడాది కావాలి అని… నవ్వనీ. మా గైడు కూడా నవ్వుతాడు, ఆయనకి ఆ హక్కుంది… పోతే పోనీవే ఏడాది!

ఈల వేశారా?… వెళ్ళు, వెళ్ళు. సాయంత్రం వస్తున్నా. ఈసారి లోపలికే… రానివ్వకపోతే బయటే నిలబడతా, మీ అందరూ వచ్చేదాకా… కాగితాలా? తేను. ఒట్టు.

ఆగు, ఆగు — అక్కా, కాలింది ఏ చెయ్యి? కుడిదా, ఎడమదా?… హలో?… హలో?