పదహారేళ్ల తాత్కాలికం

"సార్, గేటు బయట రెండొందల మామిడికాయ ట్రాక్టర్లు నిలబడుండాయి, వాళ్ల వంతు టోకెన్లు మాత్రం కంప్యూటర్లో ఒక్కటీ లేదు!"

పూతలపట్టు దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీలో, వివరాలను టేబుళ్లలో, అంటే పట్టికల్లో దాచే డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మరుసటి ఉదయం అది. ఉద్యోగంలో చేరి మూడు నెలలైన అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె సీనియర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ముందు కూసోమ్మా. ఏం చేసినావు?"

"మీరు చెప్పినట్టే టేబుళ్లన్నీ కొత్తదాంట్లోకి తెచ్చినా సార్. పేరులో టెంప్ అని ఉండే తాత్కాలికాలు మాత్రం వదిలేసినా. పని అయినాక చెరిపేసేవే కదా అవి?"

"పుస్తకం ప్రకారం అంతే."

"మరి టోకెన్లు దాంట్లో ఎందుకుండాయి? ముందు నేనంటే నేనని రైతులు కొట్టుకునేట్టుండారు. మేనేజరు ఈరోజే నన్ను ఇంటికి పంపిస్తాడు."

"యాడికీ పంపడు. పాత సర్వర్ ఇంకా ఆపలేదు, ఆడ్నించి తెస్తా. ఇదో, వచ్చేసినాయి సూడు."

"అమ్మయ్య! అయినా సార్, ఏళ్ల తరబడి వాడేదానికి టెంప్ అని పేరు పెట్టిన మహానుభావుడు ఎవురు? దొరికితే..."

"దొరికితే ఏం చేస్తావు?"

"మామిడికాయలతో కొడతా."

"అయితే పచ్చివి వద్దు తల్లీ, మాగినవి చూసి కొట్టు. శాశ్వతంగా ఉండే టేబుల్ పెట్టాలంటే హెడ్డాఫీసులో మూడు సంతకాలు కావాల. టెంప్‌కు ఎవురి సంతకమూ అక్కర్లేదు. ఒక్క సీజనుకే కదా అని నేనే పెట్టినా, పదహారేళ్లు నోరు మూసుకున్నా. పద, మేనేజరుకు కూడా నేనే చెప్తా."