గద్ద రాకుండా కాపలా కాసిన కోడి

కూర్చోండమ్మా, కూర్చోండి. అలా నిలబడి మూలమూలా చూస్తుంటే మా ఇంట్లో దొంగసొత్తేదో ఉన్నట్టుంది! ఇంతకీ మీకు ఎవరు చెప్పారు? బడిలో ఆ టీచరమ్మేనా? నాకు తెలుసులెండి. పిల్లకి నాలుగు ముక్కలు నేర్పమంటే ఇంటి గుట్టు లాగుతోంది.

పిల్లల సంక్షేమ శాఖా? సరే, కార్డు చూశాను. కార్డులు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు కదా?

ఏమిటీ? పిల్లల్ని హింసించకూడదని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయా? కన్నవాళ్లు కూడానా? బాగుంది! తుపాకులు పట్టుకుని కొట్టుకు చచ్చే దేశాలు మా ఇంటికొచ్చి బుద్ధి చెబుతాయన్నమాట. నా కొడుకు వాడి కూతుర్ని ఒక దెబ్బ వేస్తే, ఎక్కడో సంతకాలు పెట్టినవాళ్లకి నొప్పా?

దాని చేతుల మీద వాతలంటారా? చెప్పాను కదా, మెట్ల మీంచి జారిపడిందని. పిల్లలన్నాక పడరా?

ఎందుకలా పైకి చూస్తారు?

అవునమ్మా, మాది రెండు గదుల ఇల్లే. మెట్లు లేవు. పక్కింట్లో పడింది. పక్కిల్లు... సరేలెండి, వాళ్లదీ ఇలాంటిదే.

పిల్లతో ఒంటరిగా మాట్లాడాలా? ఎందుకు? తన మాట తనే చెప్పుకునే హక్కు ఉందా? అదీ ఆ ఒప్పందంలోదేనా? ఏడేళ్ల పిల్లకి ఏం తెలుసమ్మా! నేను పక్కనుంటే మీకేం అడ్డం? దానికేం నూరిపోస్తారో, ఎటు పట్టుకుపోతారో ఎవరికి తెలుసు? తల్లి లేని పిల్ల. పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచీ నేనే పెంచాను. కుదరదు.

ఒక కథ చెబుతాను వినండి. ఒక కోడి తన పిల్లల్ని గంప కింద దాచి, పొద్దస్తమానం మెడ ఎత్తి గద్దనే కనిపెట్టుకుని ఉండేది. తిండి లేదు, కునుకు లేదు. గద్ద తిరిగి తిరిగి, విసుగెత్తి పోయింది. కాపలా అంటే అదీ! మీలాంటివాళ్లు గుమ్మంలోకొస్తే నేనూ అంతే.

మొన్న ఇదే కథ మా పిల్లకీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాయనమ్మా, పాము ముందే గంపలో దూరి ఉంటే? పిల్లలు అరిస్తే కోడికి వినపడదా?" అంది.

పిచ్చి ప్రశ్నలు వేయకు, పో అన్నాను.

వినపడుతుంది తల్లీ. రెండు గదుల ఇల్లు. ఎందుకు వినపడదు?

వాడిది కరెంటు పని. సంచిలో ఎప్పుడూ వైరు చుట్ట ఉంటుంది. అంతకంటే నా నోటితో చెప్పించకండి. కన్నకొడుకు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడేది!

మెట్లని చెప్పమని దానికి నేర్పింది నేనే. నేను ఎదురుగా ఉంటే, నా మొహం చూసి మళ్లీ అదే చెబుతుంది. అందుకే... అది లోపలి గదిలో ఉంది, వెళ్లండి. వెళ్లి తలుపు వేసుకోండి. వాడు పని నుంచి వచ్చేలోగా అడగండి.

మీ ఒప్పందం మీద నాకింకా నమ్మకం కుదరలేదు, దాచేదేముంది? కాగితం గొడుగు ఎంత వానకని ఆగుతుంది?

ఆగండి, ఒక్కమాట. ఎవరి దగ్గర ఉంటావని కూడా అడుగుతారుగా? అదేం చెప్పినా రాసుకోండి. నాయనమ్మ దగ్గర ఉండనంటే మాత్రం... ఆ సంగతి ఇవాళే నాకు చెప్పకండి.