కాగితాల చెట్టుకు పువ్వెక్కడ?

అది పంతొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం. సంగారెడ్డి మిషన్ బడి గేటుకు అల్లుకున్న కాగితాల పూల చెట్టును మొదలంటా నరికేద్దామని తోటమాలి జహూర్ గొడ్డలి ఎత్తేసరికి, కొత్త పంతులమ్మ జయశీల అడ్డం వచ్చి నిలబడింది.

"ఎందుకు నరుకుతున్నవ్ తాతా?"

"వాసన లేదు, కాయ లేదు టీచరమ్మా. నలభై యేండ్ల సంది నీళ్లు పోస్తున్న, ఒక్క పువ్వు పూసిన పాపాన పోలె. అన్నీ రంగు కాగితాలే. దీని జాగల మందారం పెడత."

"అవి ఆకులు తాతా. ఈనెలు చూడు. పువ్వు లోపల ఉన్నది."

"మా ఇంటామె గూడ గిట్లనే అన్నది, పెండ్లయిన కొత్తల. పొట్ట పట్టుకొని నవ్విన. మల్ల ఎన్నడు అనలె."

"ఇగో, నా చదివే అద్దాలు పెట్టుకొని చూడు."

జహూర్ గొడ్డలి కింద పెట్టి, అద్దాలు తగిలించుకుని రెమ్మ మీదికి వంగాడు. మూడు గులాబీ రంగు ఆకుల నడుమ మూడు సన్నని గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఒకదాని కొసన మిరియపు గింజంత తెల్లటి చుక్క విచ్చుకుని ఉంది.

"యా అల్లా!"

అతను ఇంకో రెమ్మ వంచి చూశాడు.

"చెట్టు నిండ ఉన్నయా అమ్మా?"

"నిండ ఉన్నయి."

"ఇన్నేండ్లు రోజూ ఊడ్చి పారబోసిన."

"ఇప్పుడు నరుకుతవా?"

"ఒక్క రెమ్మ తెంపుకుంట. ఈ అద్దాలు జెర పొద్దుమూకే దాక ఇయ్యి."

"అద్దాలెందుకు? ఆమె అవి లేకుండనే చూసింది కద."

"ఆమెకు కాదమ్మా, నాకే. ఆమె ముంగట ఇంకోసారి చూడాలె. ఇయ్యాల నవ్వే వంతు ఆమెది."